ఎక్కడికి పోయింది?

2014. రాయపూర్ శంకర్ నగర్‌లో ఓ చిన్న హాలు. స్టేజి మీద హేమ "అమ్మ ఎక్కడికి పోయింది నాన్నా?" అనగానే, ప్రేక్షకుల్లోంచి ఆమె కన్నతండ్రి సన్యాసిరావు లేచాడు.

"ఎక్కడికని నీకెవులు సెప్పినారే?"

జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అప్పట్లో ఒక హిందీ దినపత్రికలో నాటకాల వార్తలు రాసేవాణ్ణి. ప్రయోగాత్మక నాటకాల్లో 'ప్లాంట్' అని ఒకటుంటుంది. అంటే ప్రేక్షకుల మధ్య ముందే కూర్చోబెట్టిన నటుడు. ఇదీ అదేననుకున్నాను. కథ పాత గ్రీకు విషాదాంతం. తన పుట్టుక గుట్టు తనే తవ్వుకుని నాశనమయ్యే రాజు. దర్శకుడు రాజును తీసేసి, మీదే ఊరంటే జవాబు తోచని రైల్వే కాలనీ అమ్మాయిని పెట్టాడు. ముసలాయన ప్లాంటేనా అని అడిగితే, ఏది నమ్మితే అది రాసుకోమని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ డైలాగు గురించి హేమను అడిగాను. తల్లి పోయిందని చిన్నప్పట్నుంచీ తండ్రి చెబుతున్న మాటేనట. దర్శకుడు హిందీలో రాసిన "కహాఁ చలీ గయీ"ని తనే తెలుగులోకి మార్చుకుంది. తన మటుకు చనిపోయిన తల్లిని తలుచుకునే మాటే అది.

"అందులో నాన్నకి డర్ ఎందుకు అంకుల్?"

భయానికి కూడా హిందీ మాటే వచ్చే పిల్ల; హిందీలో పెరిగింది. పోయిందంటే మన ఇళ్లలో చనిపోయిందని. పక్కన 'ఎక్కడికి' చేరితే వెళ్లిపోయిందని. ఆమెకు తెలియకుండా వేసిన ప్రశ్న తండ్రికి తెలిసి అడిగినట్టు వినిపించింది.

మర్నాడు వాళ్ల కాలనీలో సన్యాసిరావును కలిశాను. రిటైర్డ్ రైల్వే గార్డు. నాటకంలో మీకూ వేషముందా అంటే, ముప్పై ఏళ్లు బండి వెనకాల నిలబడ్డవాడికి వేషమేటి అన్నాడు. హేమ తల్లి ఎప్పుడు చనిపోయిందని అడిగాను.

"పోనాదన్నాను బాబూ. సచ్చిపోనాదని ఎప్పుడన్నాను?"

మరి ఎక్కడుందన్నాను.

"హిందీలో రాసీవోడివి. ఏ మాట ఎడతావో నువ్వే సూసుకో."

వార్తలు రాసే హిందీలో ఆ రెండింటికీ రెండు మాటలు. ఏదో ఒకటి తేల్చుకోకుండా వాక్యం పూర్తికాదు. ఆ వార్త రాయలేదు. రూఢి అంటే, వాడుకలో మాటకు అతుక్కుపోయిన అర్థమంటే, ఏమిటో నాకు బాగా అర్థమైంది ఆ రోజే. హేమ ఇప్పుడూ తండ్రి దగ్గరే ఉంటోంది. ఆ ఇంట్లో తల్లికి తద్దినం పెట్టడం తనెప్పుడూ చూడలేదంటుంది.