బలిపీఠం కింది పెట్టె

మా ఊరి చర్చి గంట కొడితే పొదిలి దాకా వినపడేది. ఈ మాట నేను చాలామందికి చెప్పాను. పొదిలి ఎక్కడ, గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే దారిలో ఉన్న మా ఊరు ఎక్కడ! గాలి ఇటు తిరిగి ఉంటే వాగు అవతలి పొలాల దాకా వినపడేది. అది కూడా మా నాయన కొట్టినప్పుడు. ముప్పై ఏళ్లు ఆ గంట తాడు లాగాడాయన. సరే, ఇరవై ఏళ్లు.

ముందు పెంచి చెప్పడం, తర్వాత ఎదుటివాళ్ల మొహం చూసి తగ్గించుకోవడం నా అలవాటు. డెబ్బై ఎనిమిదేళ్లు ఈ అలవాటుతో హాయిగానే బతికాను. ఒక్కసారి మాత్రం తగ్గించుకునే లోపలే మాట అచ్చయిపోయింది.

నాలుగేళ్ల కిందట, చర్చి పండగకు ఒక చిన్న పుస్తకం వేద్దామన్నారు మా అయ్యగారు. వయసులో చిన్నవాడు, ఈ ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరు. సెల్‌ఫోనులో రికార్డు పెట్టి నా ముందు ఉంచాడు.

“తాతా, ఈ చర్చి తెల్లదొరల కాలంలో కట్టినారని తప్ప మాకేం తెలీదు. చెప్పగలిగినోడివి నువ్వొక్కడివే మిగిలినావు. చెప్పు.”

నాకు తెలిసింది మా నాయన చెప్పిందే. కరువులో గింజ దొరకని రోజుల్లో దొర పని పెట్టాడట. కొండ దగ్గర నుంచి రాయి మోసుకొచ్చినవాళ్లకు సాయంత్రం జొన్నలు పోయించేవాడట. మా ముత్తాత ఆ జొన్నల కోసం రాళ్లు మోశాడు. పునాది గుంతలో మొదటి వరస పేర్చినవాళ్లలో ఆయన ఒకడు. ఇంతే చరిత్ర. “మనం ముందు జొన్నలను నమ్మినాం రా, దేవుణ్ణి తర్వాత” అని నవ్వేవాడు మా నాయన.

ఆ మాట పుస్తకంలోకి ఎక్కడం నాకు నచ్చలేదు. ఊరంతా చదివే పుస్తకంలో మావాళ్లు ఆకలికి రాళ్లు మోసినవాళ్లుగా ఉండాలా? అందుకని ముత్తాతను దొరగారికి నమ్మినబంటును చేశాను. నమ్మినబంటు అన్నాక ఏదో ఒకటి నమ్మి అప్పగించాలి కదా. అప్పుడు దొరసానిని తెచ్చాను. ఆవిడ సీమ నుంచి ఓడలో తెచ్చుకున్న నగల పెట్టెను బలిపీఠం ముందున్న నల్లబండ కింద, మా ముత్తాత చేతులతో పాతిపెట్టించింది.

“పెట్టె ఎంతుండేది తాతా?” అన్నాడు అయ్యగారు.

చేతులు చాపాను. ఆయన కళ్లు చూసి ఇంకొంచెం చాపాను.

పుస్తకం వచ్చింది. పండగ రోజు నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ ఉంది, కప్పుకోవాలంటే ఒళ్లు మండుతుంది.

మా వైపు గుప్తనిధుల పిచ్చి కొత్తది కాదు. నల్లమల అంచున పాడుబడిన గుడి ఒకటి కనిపిస్తే చాలు, గునపం పట్టుకుని బయల్దేరేవాళ్లు ఉన్నారు. ఆ సంగతి నాకు తెలుసు. ప్రార్థన జరిగే చోటి జోలికి ఎవరొస్తారులే అనుకున్నాను.

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున అయ్యగారు చర్చి తలుపు తీసి కేక వేశాడు. నల్లబండ పక్కకు పడి ఉంది. నడుం లోతు గుంత. చుట్టూ కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ఆడవాళ్లు నిమ్మకాయలు చూసి గడప దగ్గరే ఆగిపోయారు. నేను మాత్రం పునాదిలోంచి పెరికి కుప్ప పోసిన రాళ్లను చూశాను. పెద్దవి కావు. ఒక్కొక్కటీ ఒక మనిషి తల మీద పెట్టుకుని నడవగలిగినంత.

మేస్త్రిని పిలిపించాం. సగం జీవితం ఈ చర్చి గోడలకు సున్నం పూసినవాడు. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. గుంతలో దిగి, బలిపీఠం వెనక గోడను తట్టి చూసి, చేతులు దులుపుకుంటూ పైకొచ్చాడు.

“అన్నా, ఈ గోడ కింద ఖాళీ అయింది. రాళ్లు పేర్చి సున్నం పోస్తా, నిలబడతది. ఇంకోసారి తవ్వినారంటే మాత్రం గోడ కూర్చుంటది. దాంతోపాటు కప్పు వస్తది. అప్పుడు నన్ను పిలవొద్దు.”

వారం పట్టింది బాగుచేయడానికి. మళ్లీ ఆదివారం నేను అందరి ముందూ లేచి నిలబడ్డాను.

“పెట్టె లేదు. దొరసాని నగలు లేవు. అంతా నేను కల్పించినాను. మా ముత్తాత జొన్నలకు రాళ్లు మోసినాడు. ఆ రాళ్లే మొన్న మీరు చూసినవి.”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఏంది మామా, ఇన్నాళ్లకు మారుమనసా?” అన్నాడు చర్చి కమిటీలో ఒకాయన. “అచ్చులో ఉండాదే! దొంగలొచ్చి పోయినాక లేదంటే ఎట్ల నమ్మేది?”

“వాళ్ల ముత్తాత పాతిపెట్టింది కదా, మనకెందుకు చెప్తాడు!” అంది ఆయన భార్య.

అయ్యగారి ఇంటికి పోయి, తప్పు పడిందని ఇంకో కాగితం అచ్చువేయించమని బతిమాలాను. ఆయన మంచివాడు, సరే అన్నాడు. గేటు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“తాతా, నా మీద ఒట్టు. చిన్న పెట్టె కూడా లేదా?”

జీవితమంతా నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన ఊరు, చెప్పిన ఒక్క నిజాన్ని నమ్మలేదు. కమిటీలో ఇప్పుడు ఇంకో మాట నడుస్తోంది: దొంగలు తవ్వుకుపోయే కంటే మనమే పద్ధతిగా తవ్వి చూసుకుంటే పోదా అని. మేస్త్రి మాట చెప్పాను. “మేస్త్రిని కూడా నీ వైపు తిప్పుకున్నావా మామా?” అన్నారు.

అప్పటి నుంచి పొద్దున టీ తాగి పోయి నల్లబండ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. ఒకరోజు మేస్త్రి వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

“నువ్విట్ల కాపలా కూర్చుంటే కింద ఏమీ లేదని ఎవడు నమ్ముతాడన్నా? ఇంటికి పో.”

నిజమే అనిపించి మర్నాడు పోలేదు. ఆ మరుసటి రోజు పోయి చూస్తే బండ అంచున కొత్త సున్నం గీక్కుపోయి ఉంది. కుర్చీ మళ్లీ వేసుకున్నాను.

నిన్న వెలిగండ్ల నుంచి ఎవరో వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మా పుస్తకంలోని పేజీకి జిరాక్సు. నా మాటలే.

“పెద్దాయనా, ఈ పెట్టె ఎంతుండేది?”

చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను.

“పెట్టె లేదు నాయనా.”

అతను కాగితం మడిచాడు. బండను చూశాడు, నా కుర్చీని చూశాడు.

“ఎన్ని గంటలకు ఇంటికి పోతావు?”

“పోను” అన్నాను.

పోతాను. పొద్దుగూకితే నడుం నిలవదు, కోడలు అన్నం పెట్టుకుని ఎదురుచూస్తుంది. ఆరున్నరకల్లా పోతాను.