ఎత్తిపట్టిన కాళ్లు

కర్నూలు నుంచి ఆత్మకూరు పోయే మా బస్సు, బరువు మోసే వెనక కమాను కట్ట విరిగి, ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది. డ్రైవరు కొత్త కట్ట తగిలించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, మమ్మల్నందరినీ మళ్లీ ఎక్కించాడు.

"బరువు మీదుంటేనే బోల్టులు కుదురుగా బిగుస్తాయి. ఎవరూ కదలాకండప్పా" అంటూ బస్సు కిందికి దూరాడు.

ఇంతలో చక్రం కింద రాయి కరకరమంది. పక్కనున్న ముసలి రైతు రెండు కాళ్లూ గాలిలోకి ఎత్తిపట్టుకున్నాడు.

"ఎందుకు పెద్దాయనా?" అన్నాను.

"కింద మనిసి ఉండాడు కదప్పా. ఎట్ల తొక్కేది?"

దానివల్ల బరువేమీ తగ్గదని తెలుసు. అయినా నేనూ కాళ్లెత్తాను.

డ్రైవరు మట్టి దులుపుకుంటూ బయటికి వచ్చాకే ఇద్దరం దించాం.

ఇప్పటికీ ఆగిన బస్సు కింద ఎవరైనా దూరితే, నా కాళ్లు వాటంతటవే పైకి లేస్తాయి.