కేదారం మంచులో కోడి అడుగులు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నా అనుమానమంతా మనుషుల మీదే. పాలాయన చెంబు వంచకముందే పాలలో వేలు ముంచి చూసే రకం నేను. ఇది చదివి మీరు నన్ను అనుమానించినా తప్పు పట్టను.

డెబ్బైల చివర్లో అక్క, బావ, నేను కేదారనాథ్ వెళ్లాం. మాది పరకాల దగ్గరి పల్లె, బావ వాళ్లది మట్టెవాడ. బావ వేళాకోళం మనిషి. నా చెప్పులు తనే దాచి, నాతోపాటు తనూ వెతికేవాడు.

కోళ్లు పెంచిన ఇల్లు మాది. అడుగు చూసి అది ఏ పిట్టదో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. కొండ మీద మంచు ఇంకా కరగలేదు, దారి పొడుగునా గుర్తులే. కాకిది ఇరుకు అడుగు, వెనక వేలు పొడుగ్గా పడుతుంది. పావురం వేళ్లు లోపలికి తిరిగి ఉంటాయి. అక్క అడుగుతుంటే చెబుతూ నడిచాను. బావ ముందు పోతున్నాడు.

ఒక మలుపులో కోడి అడుగులు కనిపించాయి. ముందు వెడల్పుగా మూడు వేళ్లు, వెనక చిన్న చుక్క. ఎడమ కాలి బయటి వేలికి కొస లేదు. పిల్లగా ఉన్నప్పుడే ఆ కొస కత్తిరించడం మా ఇంటి గుర్తు. పక్కింటి కోళ్లలో కలిస్తే పోల్చుకోవాలి కదా.

అంత పుణ్యక్షేత్రానికి కోడిని ఎవరు తెస్తారు? ఆ గుర్తు తెలిసిన అక్క నా పక్కనే ఉంది. ఇక మిగిలింది బావ. పుల్లతో గీశాడనుకొని నిలదీశాను.

"నాకేం పనిలేదా బామ్మర్దీ? జర ఊపిరి తీసుకోనియ్యి" అన్నాడు. నేను నమ్మలేదు.

మధ్యాహ్నం ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. ఒంటికి వెళ్లొస్తానని బావ బయటికి పోయాడు. అంతలో పొగమంచు కమ్మి, మంచు కురిసింది. ఎంత పిలిచినా పలకలేదు. చీకటి పడితే ఆ చలికి మనిషి మిగలడని కొట్టు ఆయన చెప్పాడు.

"తమ్మీ, ఎట్లన్న జేసి మీ బావను తోల్కరా" అని అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకూ భయం వేసింది.

మంచు తెరిపిచ్చాక బయటికి వచ్చి చూస్తే బావ అడుగులు పూడిపోయాయి. కోడి అడుగులు మాత్రం కొత్త మంచు మీద తాజాగా ఉన్నాయి. ఇక్కడ ప్రాణం పోతుంటే ఇంకా ఆటలా అని ఒళ్లు మండింది. దొరకనీ చెబుతాను అనుకుంటూ వాటి వెంటే పోయాను.

అవి దారి వదిలి ఒక బండ వెనక్కి పోయాయి. అక్కడ బావ, పెదవులు నల్లబడి, విరిగిన కాలు చాపుకుని కూర్చున్నాడు. ఒంటి మీద మంచు పేరుకుని ఉంది. కురిసే ముందు నుంచీ అక్కడే ఉన్నాడన్న మాట. అతని చుట్టూ కోడి అడుగులు.

మోసుకొచ్చాను. బతికాడు. చాలా ఏళ్ల తర్వాత, ఒకరోజు అన్నాలు తింటుంటే అడిగాను, "ఇప్పటికన్న నిజం చెప్పు బావా. ఆ అడుగులు ఎట్లేసినవ్?"

బావ ముద్ద కిందపెట్టి నన్ను వింతగా చూశాడు. "నేనేసుడేంది? అవి నువ్వేసినయే కదా. నువ్వు దగ్గర్లనే ఉన్నవన్న ధైర్యంతోని కదలకుంట కూసున్న. లేకుంటే పాక్కుంటనన్న పోతుంటి. ముంగటనే లోయ ఉండె."

బావ అబద్ధమాడుతున్నాడనే ఇప్పటికీ అనుకుంటాను. ఆడకపోతే ఏమనుకోవాలో నాకు తెలియదు.