అవ్వ సర్ది, కంపెనీ చట్టం

జ్ఞాపకాలు రాసే వయసు నాది కాదని నాకూ తెలుసు, కానీ నా నడుము నాకంటే ముందే ముసలిదైపోయింది కనుక దాని తరఫున రాస్తున్నాను. ఈ పొద్దున ఇప్పుడు నేనుంటున్న కంఠేశ్వర్‌లో టీ తాగుతూ ఫోన్‌లో ఓ వార్త చదివాను. పరాయి దేశమొకదానిలో, జనం ఆరోగ్యం కోసం పన్ను లేకుండా దాచుకునే డబ్బుతో, డాక్టరు చిట్టి అవసరం లేని జలుబు మందులు కొనుక్కోవచ్చా లేదా అని చట్టసభలో పెద్దలు వాదించుకుంటున్నారట. మా ఊరు బోధన్‌లో మా అవ్వ, అంటే మా నాన్నవాళ్ల అమ్మ, ఆ సంగతి ఎప్పుడో తేల్చేసింది.

మేం బాపు అని పిలిచే మా నాన్న అప్పట్లో చెరుకు రైతులకు ఎరువులమ్మే ఓ కంపెనీలో పనిచేసేవాడు. ఇంట్లోవాళ్ల మందుల ఖర్చు కంపెనీ ఇచ్చేది, దానిమీద పన్ను పడేది కాదు, కాకపోతే బిల్లుకు డాక్టరు చిట్టి జతచేయాలి. అవ్వకేమో చలికాలం రాగానే సర్ది, దాని వెనకే దగ్గు, ఆ రెండింటికీ మెడికల్ షాపులో ఏళ్లుగా కొనే ఒకే మందు. చిట్టి తెస్తేనే ఇకమీద ఆ మందు కొంటానని బాపు తేల్చిచెప్పాడు.

"నా ముక్కు కారుతున్నదని ఇంకొకడు రాసియ్యాల్నా? మందు బంద్ అయితే కానియ్, నేనైతే పోను" అని అవ్వ దుప్పటి కప్పుకుంది. ఇంట్లో అందరం దాన్ని పంతమనుకున్నాం. దగ్గు మాత్రం పంతంలా లేదు, పక్కింటివాళ్లు అడగకుండానే కషాయం పంపేంత నిజంగా ఉంది.

మందు లేకుండా కొన్నాళ్లు దగ్గి దగ్గి, చివరికి అవ్వే నన్ను వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు బయల్దేరింది. బిల్లులు చూసే సారు, ఇక్కడ కాలువ కింద సేద్యం చేసుకుంటున్న చుట్టాల దగ్గరికి కృష్ణా జిల్లా నుంచి అప్పుడే కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్తుడు.

"నాకు సర్ది అయింది బిడ్డా" అంది అవ్వ.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సంతోషం మామ్మగారూ! సర్దుకుందిగా, ఇంకా మందులెందుకండీ?"

"సర్దుకునుడేంది? సర్ది అయిందంటున్న!"

"అదేనండీ, అయిపోయిందిగా."

"అయిపోలే, అయితనే ఉన్నది!"

మా దగ్గర సర్ది అంటే ఆయన ఊళ్లో రొంప అని ఎవరైనా వివరించేలోపే, అవ్వ బల్లమీదికి వంగి ఆయన మొహానికి ఎదురుగా వరసపెట్టి తుమ్మింది. "గిదే సర్ది. మంచిగ సూడు. ఇగ డాక్టర్ నువ్వే, చిట్టి నువ్వే రాయి."

సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. పైవాళ్లకు ఏం చెప్పాడో తెలియదు గానీ, జలుబు దగ్గులకు బిల్లు ఒక్కటే చాలన్న మాట ఆ వారమే ఆఫీసంతా తిరిగింది, అవ్వ మందు ఇంటికి తిరిగొచ్చింది. ఆ వారమే మెడికల్ షాపులో సారు అవ్వ పక్కన నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని బిళ్లలు అడుగుతున్నాడు.

"నీ చిట్టేది బిడ్డా?" అంది అవ్వ.

"సర్ది అయింది మామ్మగారూ" అన్నాడాయన, మొదటిసారి మా మాటలో.

అవ్వ ఇప్పుడు లేదు. నా ఆఫీసులో ఆ సారు చేసే పనిని ఓ యాప్ చేస్తోంది, చిట్టి లేని బిల్లును కన్నుమూసి తెరిచేలోగా తిప్పికొడుతుంది, ఇక ఆ డబ్బుమీద పన్ను పడుతుంది. పన్ను కోసుకుంటే కోసుకోనీ అని నేనూ నడుము నొప్పికి చిట్టి లేకుండానే మందు తెచ్చుకుంటున్నాను, కానీ ఆ మాట ఎవరి ఎదుట కూర్చుని అనాలో తెలియడం లేదు. నిబంధనలు అప్పుడూ ఉండేవి. కాకపోతే వాటికి ఓ ముక్కు ఉండేది, అప్పుడప్పుడూ అదీ కారేది.