అద్దాలమ్మ తొట్టి

వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో అద్దాలు సానపట్టడం ఆమె పని. ధూళి రేణువు పడితే గీత, గీత పడితే ఆ అద్దం చెత్తబుట్టకే. ఇరవై రెండేళ్లు అదే పని చేస్తే శుభ్రం పిచ్చి పట్టక ఏమవుతుంది? ఆమె ఇంట్లో గిన్నెల్లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు. చుట్టాలొస్తే మాత్రం గ్లాసుల కోసం ఆమె గుమ్మంలోకే పరుగెత్తేవారు.

తండ్రికి పక్షవాతం వచ్చి మాట పోయింది. మెడ ముందుకు వాలిపోయి, ఎంత ఎత్తినా నిలిచేది కాదు. కుర్చీలో కూర్చుంటే ఆయనకు తన మోకాళ్లూ, నేలా తప్ప మరేం కనిపించేవి కావు. అందుకే ఆమె ఎదురుగా పొట్టిబల్ల వేసి, దాని మీద చేపలతొట్టి పెట్టింది. పైన ఈదే రంగుచేపలు ఆయన కంటపడవు కనుక, అడుగున మీసాలతో వెతుక్కుంటూ తిరిగే బొటనవేలంత క్యాట్‌ఫిష్‌లను ఆరింటిని తెచ్చింది. సాయంత్రం అవి మేతకు మూగగానే తండ్రి నోరు తెరిచేవాడు. ఆ పావుగంటలోనే నాలుగు చెంచాలు తినిపించాలి. మిగతా వేళల్లో బతిమాలినా, కసిరినా పెదవి విప్పేవాడు కాదు.

తొట్టి పాచిపట్టడం ఆమె చూడలేకపోయింది. ఒక సెలవురోజున కొంగు బిగించి, చేపల్ని బకెట్లో వేసి, రాళ్లూ, ఫిల్టరు స్పాంజీ కుళాయి కింద పెట్టి జిడ్డంతా వదిలేదాకా తోమింది. పాతనీళ్లన్నీ పారబోసి కొత్తనీళ్లు నింపింది. తొట్టి తళతళలాడింది. మూడోరోజుకు నాలుగు చేపలు వెల్లకిలా తేలాయి. మిగిలిన రెండూ రాయి వెనక నక్కి బయటికి రాలేదు.

ఆ సాయంత్రం తండ్రి నోరు తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేశాడు. ఇలా ఎన్నాళ్లో నడవదని ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు.

చచ్చిన చేపను డబ్బాలో పెట్టుకుని ఆమె చేపల దుకాణం పెద్దాయన దగ్గరికి వెళ్లింది. జరిగిందంతా విని ఆయన డబ్బా పక్కన పెట్టాడు.

"చేపల మలంతో నీళ్లలో పుట్టే విషాన్ని విరిచేది స్పాంజీకి పట్టిన జిగురేనమ్మా. మురికనుకుని దాన్నే కడిగేశావు."

తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. కుళాయినీళ్లలో క్లోరిన్‌ను విరిచే మందు వేయాలి. తొట్టి కుదుటపడేదాకా రోజూ కొంచెం, ఆపైన వారానికి పావువంతు నీళ్లు మార్చాలి. స్పాంజీని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. అడుగున ఉన్నాయి కదా, ఏ చెత్తో తిని బతుకుతాయిలే అనుకోకుండా, అడుగుకి మునిగే మేత వేయాలి. జబ్బు చేసిందని ఉప్పు చల్లకూడదు. చివర్లో తన తొట్టిలోంచి జిగురు పట్టిన ఒక నల్లటి స్పాంజీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మురికిని పదిలంగా ఇంటికి మోసుకెళ్లడం అదే మొదలు.

ఇంటికొచ్చాక భూతద్దంతో చూస్తే బతికిన చేపల మీసాలు మొద్దుబారి ఉన్నాయి. రాళ్ల మీద బొటనవేలు రాసింది. అంచుల పదును ఆమెకు చెప్పాలా? అంతసేపు తోమిన చేతికి అది ఒక్కసారీ తగల్లేదే అని తనమీద తనకే అసహ్యం వేసింది. రాళ్లన్నీ తీసేసి మెత్తటి ఇసుక పరిచింది.

ఆరోరోజు సాయంత్రం రెండు చేపలూ బయటికొచ్చి ఇసుకలో మూతులు పెట్టాయి. తండ్రి నోరు తెరిచాడు. ఆమె ఏడుస్తూనే చెంచా అందించింది. వారానికి డాక్టరు గొట్టం తీసేశాడు. ఆ చేపలు గుంపు లేకపోతే బెదురుతాయని పెద్దాయన చెప్పడంతో, తొట్టి కుదుటపడ్డాక మరో నాలుగు తెచ్చింది.

ఆరేళ్లు గడిచాయి. తోమాలని చెయ్యి లాగినప్పుడల్లా వెళ్లి గిన్నెలు తోముకునేది. ఆ రెండు చేపల మీసాలు మళ్లీ పెరిగాయి. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు పైనే బతుకుతాయన్న పెద్దాయన మాట మీద ఆమెకు కొండంత నమ్మకం. అవి ఉన్నన్నాళ్లూ నాన్నకేం కాదని లోలోపల ఒక లెక్క కూడా వేసుకుంది.

ఒక సాయంత్రం ఆరు చేపలూ మేతకు మూగాయి. తండ్రి నోరు తెరవలేదు.

ఆమె చెంచా కింద పెట్టి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. కొంచెం నీళ్లు తీసి, పరీక్షమందు చుక్కలు వేసి చూసింది. స్పాంజీ తడిమింది. ఒక్కో చేపనూ భూతద్దంతో చూసింది. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. అరగంట వెతికినా ఏ తప్పూ దొరకలేదు.

చేపలకు అడ్డం రాకూడదని ఇన్నాళ్లూ పక్కన నిలబడే తినిపించేది. ఇప్పుడు వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. వాలిన ఆ ముఖం కింద తన ముఖం పెట్టింది.

"నీళ్లు బాగానే ఉన్నాయి నాన్నా," అంది.

ఆయన ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆమె వెనక చేపలు మేత తింటున్నాయి. ఆయన చూపు అటు మళ్లలేదు. మూడోనాడు ఆయన పోయేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.