లేవని రాజమణి మేడం

సోమవారం ఉదయం జగిత్యాలలో మా ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఉండగా పిడుగులాంటి వార్త తెలిసింది. సిరిసిల్లలో రాజమణి మేడం గుండె ఆగి కన్నుమూశారు. నేను నమ్మలేదు. ఆమె నంబరుకే ఫోన్ చేశాను. ఎత్తింది ఆమె తల్లి.

మరమగ్గాల కార్మికుని ఇంట పుట్టి, కోరుట్లలో ఏళ్ల తరబడి నెట్‌వర్క్ విద్య బోధించిన ఆ విదుషీమణి నాకు గురువు. నిచ్చెనలెక్కి తీగలు లాగడం ఆడపిల్లల పని కాదన్నవారి ఎదుటే మమ్మల్ని నిచ్చెన ఎక్కించిన ధీరురాలు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆసుపత్రి రౌటర్ మార్చాను. మర్నాడు ప్రసూతి విభాగంలోని ప్రింటర్ మూగబోయింది. రక్తపరీక్షల ఫలితాలు చేతపట్టుకొని ఆయాలు మెట్లెక్కి దిగుతున్నారు. మరమ్మతుకు వచ్చిన ఇంజినీరు, నా అజ్ఞానం వల్లే ప్రింటర్ కాలిపోయిందని నివేదికలో రాశాడు. ఆ ఒక్క వాక్యంతో నా కొలువు పోయేదే. ఏడుస్తూ మేడంకు ఫోన్ చేశాను. కోరుట్ల నుంచి బస్సెక్కి వచ్చారు.

వస్తూనే ప్రింటర్ పేరేమిటని అడిగారు. నేను దాని ఐపీ అడ్రస్ చెప్పాను.

“అది నంబరు బిడ్డా. రౌటర్ మారితే నంబరు మారుతది. పేరు పట్టుకొని ఎతుకు” అన్నారు.

ప్రింటర్ వెనుక చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘ప్రసూతి’ అని ఉంది. నా కంప్యూటర్లో, అవతలి యంత్రం పలుకుతుందో లేదో అడిగే ‘పింగ్’ అన్న మాట కొట్టించి, కాస్త ఖాళీ వదిలి, ఆ పేరు రాయించారు. మరుక్షణమే తెరపై జవాబు, పక్కనే కొత్త ఐపీ అడ్రస్. ప్రింటర్ నిక్షేపంగా ఉంది. రక్తపరీక్షల ప్రయోగశాలలోని కంప్యూటరే ఇంకా పాత నంబరుకు కాగితాలు పంపుతోంది. అక్కడ నంబరు తీసేసి పేరు పెట్టగానే ఆగిన ఫలితాలన్నీ వెలువడ్డాయి.

ఇదంతా పక్కనే ఉండి చూసిన ఇంజినీరు సంచి సర్దుకున్నాడు. మేడం మాత్రం కుర్చీలోంచి లేవలేదు. నివేదికలో ఆ వాక్యం కొట్టేయమన్నారు. పని అయింది కదా, పంతమెందుకన్నాడతను. నిజం చెప్పాలంటే నేను కూడా వద్దనే అన్నాను.

“మిషిని మంచిగున్నదని తేలింది. గీ పిల్ల తప్పు లేదని గూడ రాయుండ్రి. రాసినంకనే లేస్త” అన్నారు, గొంతు పెంచకుండా.

కోరుట్ల బస్సులు రెండు వెళ్లిపోయాయి. మూడోది రాకముందే అతను వాక్యం కొట్టేసి, నా తప్పు లేదని రాసి సంతకం పెట్టాడు. సాగనంపడానికి బస్టాండు దాకా వెళ్తే, వద్దన్నందుకు దారిపొడవునా నన్నే కోప్పడ్డారు. తప్పు చేయనివాళ్లు దయ అడగకూడదన్నారు.

మొన్న సిరిసిల్ల సంస్మరణ సభలో ఒక పెద్దాయన, ఆడమనిషి అయినా ఇంత విద్య నేర్చిందని మెచ్చుకున్నారు. గోడకానుకొని కూర్చున్న ఆమె తల్లి లేచి నిలబడ్డారు.

“‘అయినా’ అనకు అన్నా. నా బిడ్డ నేర్చింది, పదిమందికి నేర్పింది. గంతే చెప్పు.”

పెద్దాయన మాట సరిదిద్దుకొని మళ్లీ చెప్పారు.

కాలం ఈ గాయాన్ని మాన్పుతుందని కొందరు ఓదారుస్తున్నారు. మానకూడదనే నా కోరిక. ఆ ధీరమూర్తికి తల ఎత్తుకొనే నమస్కరిస్తున్నాను. చెప్పేవాళ్లు లేరని కోరుట్లలో ఆమె తరగతిని మూసేస్తామంటున్నారు. వచ్చే వారం నుంచి సాయంత్రాలు నేను వెళ్తున్నాను. ఆమెలా చెప్పడం నాకు రాదు, ఎవరికీ రాదు. కానీ ఆ తలుపు మూయనివ్వను.