ప్రసంగానికి ముందే చెప్పిన దీవెన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పండంటూ ముప్పై నాలుగేళ్లు ఎందరినో లేపి నిలబెట్టినవాణ్ణి, తీరా నా వంతు వచ్చేసరికి మూడు కాగితాలు చింపేశాను, అయినా చెప్పకపోతే దేవుని మేలు దాచుకున్నవాణ్ణవుతాను కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకు తాగుడు లేదు, రోగం లేదు. దేవుడు నన్ను విడిపించింది నా పెద్దరికం నుండి! నవ్వకండి, అది తాగుడు కంటే మొండి వ్యసనం, పైగా దానికి అందరూ దండం పెడతారు.

చిలకలూరిపేటకు ఆరు మైళ్ల దూరంలోని పల్లెలో నేను సంఘ కాపరిగా, అంటే పాస్టరుగా, ఉండేవాణ్ణి. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది నాకు అరవై నిండి రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు, ఫోటో తీయించారు. రిటైరైన పాస్టరు అదే ఊళ్లో ఉండకుండా వేరే ఊరు వెళ్లడం మాలో ఆనవాయితీ, కొత్తగా వచ్చే ఆయనకు ఇబ్బంది కాకూడదని. మా ఇంటావిడ పొన్నూరులో వాళ్ల అన్నగారి దగ్గరికి పోదామని ఎంతో చెప్పింది. వింటేనా! నేను లేకపోతే ఈ సంఘం ఏమైపోతుందో అనుకుని, పాస్టరు బంగళా ఖాళీ చేసి అదే వీధిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాను.

కొత్త పాస్టరుగారికి ముప్పై ఏళ్లుంటాయి, చాలా మర్యాదస్థులు. రెండో ఆదివారమే "అయ్యగారూ, వాక్య ప్రసంగానికి ముందు మీరొక చిన్న ప్రార్థన చేయండి" అని ముందుకు పిలిచారు. వెళ్లాను, వానల కోసం, పత్తి చేల కోసం, రోగుల కోసం ప్రార్థించాను, ముగింపుకు వచ్చేసరికి ముప్పై నాలుగేళ్ల అలవాటు నా రెండు చేతుల్నీ పైకి లేపేసింది, ఆరాధన అంతా అయ్యాక చెప్పే దీవెనను గడగడా చెప్పేశాను! సంఘానికీ నా గొంతే అలవాటు కదా. అందరూ "ఆమెన్" అన్నారు, ఆడవాళ్లు చాపలు చుట్టేశారు, మగవాళ్లు బయటికెళ్లి చెప్పులేసుకున్నారు. నేను కళ్లు తెరిచేసరికి సగం మందిరం ఖాళీ! పాపం, కొత్త పాస్టరుగారు బైబిలు తెరిచి పట్టుకుని, ఒక్క మాటా చెప్పకుండానే అలా నిలబడిపోయారు.

ఊరంతా నవ్వింది. పత్తి జిన్నింగు మిల్లు దగ్గర అదే మాట, మిరప చేలల్లో అదే మాట. నవ్వితే నవ్వారు, నన్ను పడగొట్టింది అది కాదు సహోదరులారా. ఖాళీ అయిన ఆ మందిరాన్ని చూసినప్పుడు నాకు లోపల సంతోషం వేసింది. 'చూశావా, వీళ్లు నా మాటకే కూర్చుంటారు, నా మాటకే లేస్తారు' అనుకున్నాను. ఇంటికి వచ్చి ఆ సంతోషాన్ని తలుచుకుంటే భయం పుట్టింది. ఇన్నేళ్లూ నేను ఎవరికి సేవ చేశాను, దేవునికా, నాకా? ఆ ప్రశ్న పుట్టిన రోజు నుంచి నాకు ప్రార్థన పోయింది! మోకరిస్తే నోట్లోంచి వచ్చేవన్నీ సంఘం ముందు పలికే మాటలే, నా కోసం ఒక్క మాట రాదు.

మోకాలి నొప్పి అని చెప్పి మందిరానికి వెళ్లడం మానేశాను. తొమ్మిది ఆదివారాలు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను, మైకులో కొత్తాయన గొంతు వినిపిస్తే దుప్పటి పైకి లాక్కున్నాను. "నొప్పి మోకాల్లో కాదులెండి" అని మా ఇంటావిడ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయేది. విశ్వాసం నన్ను విడిచిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది, ఎవరితో చెప్పుకోవాలో తెలియదు, అందరూ నాతో చెప్పుకున్నవాళ్లే!

మా వైపు కల్లంలో మిరపకాయ ఎండాక, బస్తాలకు ఎత్తే ముందు, పాస్టరును పిలిచి రాశి దగ్గర ప్రార్థన చేయిస్తారు. దీనమ్మ అనే విశ్వాసి ఉంది, కాయ కోసే ఆడకూలీలకు మేస్త్రి, చదువు రాదు. ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి "అయ్యగారూ, రేపు పొద్దున కల్లంలో ప్రార్థనండీ, మీరు రావాల" అంది. దాచడం ఎందుకు, నా నొప్పి అక్కడికక్కడే మాయమైంది! ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే కొత్త పాస్టరుగారు ముందే వచ్చి ఉన్నారు, ఆ ఘాటుకు తుమ్ముతూ తుమ్ముతూ ప్రార్థన కూడా ఆయనే చేశారు. మరి నన్నెందుకు పిలిచినట్టు? మొహం మాడ్చుకుని తిరిగి వెళ్లబోతుంటే దీనమ్మ అడ్డం వచ్చింది.

"అయ్యగారూ, ఇన్నేళ్లు మా అందరికీ మీరు ప్రార్థన చేశారు. మీకెవురు చేశారండీ?"

ఒక్క విశ్వాసి కూడా నా తల మీద చెయ్యి పెట్టలేదు, నేను పెట్టనివ్వలేదు. ఆ రాశి పక్కనే నేల మీద మోకరించాను. మిరపకాయలు పట్టిన చేతులతోనే ఆవిడ నా తల పట్టుకుంది.

"తండ్రీ, నా పిల్లకి జొరమొచ్చినప్పుడు ఈ అయ్యగారు వానలో సైకిలేసుకొని వచ్చారు, నువ్వూ చూశావుగా. నిలబడి చెప్పీ చెప్పీ ఈయనకి కూకోవటం రావట్లా. నువ్వే దగ్గరుండి మా మధ్యన కూకోబెట్టు తండ్రీ. ఈయన మాకు కావాల. ఊరికే ఉన్నా కావాల. ఆమెన్."

అంతే ప్రార్థన! నేను ఏడ్చాను సహోదరులారా, ఘాటుకు కాదు, ఊరికే ఉన్నా కావాలి అన్న ఆ మాటకు ఏడ్చాను. ఏమీ చేయకపోయినా దేవునికి నేను కావాలని ఎన్ని వందల సార్లు ఇతరులకు చెప్పానో, అది నాకూ వర్తిస్తుందని ఆ పూటే నమ్మాను. "ప్రభువా, నన్ను క్షమించు" అని నా నోట మాట వచ్చింది, నా కోసం, చాలా కాలానికి! దేవునికే మహిమ!

లేచి, ఆ ఆదివారం నాకు కలిగిన పాడు సంతోషాన్ని కొత్త పాస్టరుగారి ముందు ఒప్పుకున్నాను. ఆయన నా చేతులు పట్టుకుని, "అయ్యగారూ, నేనూ ఒకటి ఒప్పుకోవాలండీ. ఆ రోజు నాకు ప్రసంగం సరిగ్గా కుదరలేదు. మీ ముందు ఎట్టా చెప్పాలా అని భయపడి చస్తున్నాను. మీరు దీవెన చెప్పగానే దేవుడే కాపాడాడనుకుని, ఇంటికిపోయి కడుపునిండా తిన్నానండీ!" అన్నారు. కల్లంలో కూలీలంతా నవ్వారు, అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం మగవాళ్ల వరుసలో చాప మీద కూర్చుని వాక్యం వింటున్నాను. ఇదివరకు ఎవరు ప్రసంగిస్తున్నా, నేనైతే దీన్ని ఎలా చెప్పేవాణ్ణా అని ఆలోచించేవాణ్ణి, ఇప్పుడు ఆకలితో వింటున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను! వచ్చే నెల పొన్నూరు వెళ్లిపోతున్నాం, సంఘం ప్రభువుది, ఆయన చూసుకుంటాడు.

ఇది చదువుతున్న మీరు ఎంత పెద్దవారైనా, పాస్టరైనా, సంఘ పెద్దయినా, ఒక్కసారి ఆ ప్రభువు ముందు ఊరికే కూర్చోండి, ఆయన్ని నమ్మండి, పక్కనున్న విశ్వాసిని సిగ్గుపడకుండా అడగండి. నేనూ మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను, ఇది అడగడానికి నాకు అరవై ఏళ్లు పట్టింది. నా కోసం ప్రార్థన చేయండి.